చైర్మన్‌గారి పళ్ళూ, పదకొండు గుడ్లూ

సిస్టరమ్మ ముప్పైనాలుగేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయింది. ఆ ఊళ్ళో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ తిరిగే మగవాళ్ళలో సగం మందిని పుట్టగానే తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది ఆవిడే. మిగతా సగం మంది, లోపల భార్యలు నొప్పులు పడుతుంటే బయట కారిడార్లో కళ్ళు తిరిగి పడిపోగా, మొహాన నీళ్ళు కొట్టి లేపిందీ ఆవిడే. అందువల్ల ఆ ఊళ్ళో పెద్దమనుషులు ఎంతమంది ఉన్నా, ఆవిడ లెక్కలో ఒక్కడూ లేడు.

రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో ఉంటోంది. తమ్ముడు కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ముందుగదే కార్ఖానా. బల్ల మీద మైనం, గులాబిరంగు పొడి, చిన్న చిన్న రంపాలు. గోడల పొడుగునా అరలు. అరల నిండా ప్లాస్టర్ దవడలు, ఒక్కో దవడకు ఒక్కో చీటీ. అంత మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నా ఆ గదిలో మాట్లాడేది సిస్టరమ్మ ఒక్కతే. ఊళ్ళో అందరూ తమ్ముణ్ణి 'పళ్ళాయన' అంటారు. ఆయన భార్య పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం చేస్తుంది. తక్కువగా మాట్లాడుతుంది. ఆ మాట్లాడేది కూడా స్టాంపు చించినట్టు, గీత దాటకుండా.

రిటైరైన కొత్తలో మూడు నెలలు సిస్టరమ్మ ఖాళీగా కూర్చుంది. ఆ మూడు నెలలూ రోజుకు రెండుసార్లు తమ్ముడి రక్తపోటు చూసి చూసి, దాన్ని పెంచింది. నాలుగో నెలలో ఐదు పెట్టల్నీ ఒక పుంజునీ కొనుక్కొచ్చి పెరట్లో గూడు కట్టించింది. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు.

పెట్టల్లో అన్నిటికంటే బరువైనదానికి 'మేట్రన్' అని పేరు పెట్టింది. గూట్లోకి అందరికంటే ఆలస్యంగా చేరేది 'నైట్ డ్యూటీ'. మిగతా మూడూ 'ట్రైనీలు'. పని ఏమీ చేయకుండా పొద్దస్తమానం అరుస్తూ తిరుగుతుంది కాబట్టి పుంజు పేరు 'సూపరింటెండెంట్'.

ఈ సూపరింటెండెంట్ ఒక సోమవారం పొద్దున గేటు సందులోంచి వీధిలోకి వెళ్ళి, తన దారిన తాను పోతున్న ఒక స్కూటర్‌ని యుద్ధానికి పిలిచింది. స్కూటరు గెలిచింది.

సిస్టరమ్మ ఏడవలేదు. వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది. పుంజు పోయినా వారం పది రోజులదాకా పెట్టలు పెట్టే గుడ్లలో దాని బిడ్డలుంటారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ ఒక్క గుడ్డు దక్కలేదు. పద్నాలుగు పోగయ్యాయి. సరిగ్గా అప్పుడే మేట్రన్ ఒళ్ళంతా ఉబ్బించుకుని, దగ్గరికొచ్చిన వాళ్ళనల్లా పొడుస్తూ, గూట్లోంచి కదలనని మొండికేసింది. అంటే పొదుగుకొచ్చిందన్నమాట. సిస్టరమ్మ పద్నాలుగూ దాని కింద సర్దింది. ఎనిమిదో రోజున చీకటి గదిలో ఒక్కో గుడ్డూ టార్చి మీద పెట్టి చూస్తే పదకొండింటిలో ఎర్రటి నరాలు కనిపించాయి. మూడు వట్టివి.

పన్నెండో రోజున మేట్రన్ లేచింది. ఎందుకు లేచిందో దానికే తెలియాలి. లేచి, రెక్కలు దులుపుకుని, పెరటి మూలకు వెళ్ళి మన్నులో పొర్లి, ఆ గుడ్లు ఎవరివో తనకు సంబంధమే లేనట్టు పురుగులు ఏరుకోవడం మొదలుపెట్టింది. సిస్టరమ్మ మూడుసార్లు ఎత్తుకొచ్చి గూట్లో పెట్టింది. మూడుసార్లూ చేతి మీద పొడిపించుకుంది.

"సెలవు చీటీ లేకుండా డ్యూటీ మధ్యలో దిగిపోయింది. నా సర్వీసు మొత్తంలో ఇలాంటిదాన్ని చూళ్ళేదు," అని, గుడ్లు ఒళ్ళో వేసుకుని తిన్నగా తమ్ముడి కార్ఖానాలోకి నడిచింది.

అక్కడ ఒక స్టీలు తొట్టి ఉంది. కట్టుడు పళ్ళ చిగుళ్ళు మొదట పిండిముద్దలా మెత్తగా ఉంటాయి. వాటిని ప్లాస్టర్ అచ్చుతో సహా ఇత్తడి డబ్బాలో బిగించి, ఆ తొట్టి నీళ్ళలో నిదానంగా ఉడికిస్తేనే గట్టిపడతాయి. ఎంత వేడి కావాలో బిళ్ళ తిప్పి పెడితే చాలు, డిగ్రీ అటూ ఇటూ కాకుండా అదే చూసుకుంటుంది. సిస్టరమ్మ సగం నీళ్ళు తోడేసి, పైన జల్లెడ అమర్చి, దానిమీద గుడ్డ పరిచి గుడ్లు పేర్చింది. బిళ్ళను ముప్పైఏడున్నర దగ్గర నిలబెట్టింది. లోపల ఏం జరుగుతోందో కనబడాలి కాబట్టి స్టీలు మూత తీసేసి, హాల్లో ఉన్న తమ్ముడి పెళ్ళిఫోటోకు ఉన్న అద్దం ఊడదీసి మూతగా పెట్టింది.

తమ్ముడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, అది పళ్ళు ఉడికించే తొట్టి."

"తెలుసు."

"గుడ్లు ఉడికించేది కాదు."

"ఉడికించట్లేదురా, పొదుగుతున్నాను. తొమ్మిది రోజులు ఓపిక పట్టు."

"మరి నా పనో?"

"ఊళ్ళోవాళ్ళు తొమ్మిది రోజులు మెత్తగా తింటే ఎవరూ చావరు."

సాయంత్రం మరదలు పోస్టాఫీసు నుంచి వచ్చింది. తొట్టి చూసింది. అద్దం లేని పెళ్ళిఫోటో చూసింది. పెరట్లో ఆరేసిన బట్టల మీద కోడిరెట్ట పడి ఉంటే, వాటిని తీసుకెళ్ళి మళ్ళీ ఉతుక్కుంది.

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లను తిప్పకూడదు, మూత ఎత్తకూడదు. సిస్టరమ్మ అద్దం మీద చీటీ అంటించింది: 'లోపల కాన్పు. ప్రవేశం లేదు.'

పంతొమ్మిదో రోజు బుధవారం. ఆ పొద్దున ఊరి పురపాలక చైర్మన్‌గారికి పెద్ద కష్టం వచ్చింది.

చైర్మన్‌గారు పన్నెండేళ్ళుగా ఆ పదవిలో ఉన్నారు. ఆయన నవ్వు ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉండేది. ఆ నవ్వు కట్టుడుదన్న సంగతి తనకూ పళ్ళాయనకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన నమ్మకం. ఆ పొద్దున మరుగుదొడ్లో నీళ్ళ మీట నొక్కుతూ ముందుకు వంగినప్పుడు పెద్ద తుమ్మొచ్చింది. పైవరసా కిందివరసా కలిసి ఒకేసారి దూకాయి. ఆయన హయాంలో వేయించిన కొత్త మురుగు గొట్టం ఆ రోజు మొట్టమొదటిసారి ఎక్కడా అడ్డు పడకుండా పనిచేసింది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కౌన్సిలు మీటింగు. అందులో ఆయన చదవాల్సిన తీర్మానం ఒకటుంది. ఊరి పొలిమేరల్లో ఇళ్ళలో కోళ్ళు పెంచడం మీద నిషేధం. తొమ్మిది మంది సంతకాలతో ఫిర్యాదు అందింది మరి. ఫిర్యాదుకు కారణమైన కూత స్కూటరు కింద పడి ఆగిపోయినా, ఫిర్యాదు మాత్రం నిక్షేపంగా బతికే ఉంది.

ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, వెనక సందులోంచి, పెరటి తలుపు తోసుకుని పళ్ళాయన ఇంటికి వచ్చారు. రావడం రావడం ట్రైనీల మధ్యలోకి వచ్చి, ఒకదాని తోక తొక్కి, గూటికి గుద్దుకుని నిలబడ్డారు.

"ఎవరది? పేషెంటా, అటెండరా?" అంది సిస్టరమ్మ.

"పళ్ళాయనేహీ?" అన్నారు చైర్మన్‌గారు.

త, ద, డ, స అన్నీ పళ్ళతోపాటే గొట్టంలోకి పోయాయి. చదివేవాళ్ళ సౌకర్యం కోసం ఇకమీదట ఆయన మాటల్ని నోట్లో పళ్ళున్నట్టే రాస్తాను. వినేటప్పుడు మాత్రం లేనట్టే వినాలి.

పళ్ళాయన అరలు వెతికి పాత దవడ ఒకటి తీశాడు.

"మీ అచ్చు ఉంది సార్. ఇవాళ మైనం మీద పళ్ళు పేరుస్తాను, రేపటికి డబ్బాలో బిగిస్తాను. ఇక ఉడికించడమే. అదొక్కటే..." అని తొట్టి వైపు చూసి ఆగాడు.

"అదొక్కటే ఏంటి? ఆ గుడ్లు తీసి పక్కన పెట్టు."

"ఆ ముక్క మీరే చెప్పండి సార్, అక్కకి."

చైర్మన్‌గారు తువ్వాలు సర్దుకుని సిస్టరమ్మ వైపు తిరిగారు. "అమ్మా, ఆ పెట్టె ఖాళీ చెయ్యాలి."

"శుక్రవారం పొద్దున డెలివరీ. అప్పటిదాకా కదపను."

"నేనెవరో తెలుసా?"

"తెలియకేం. మీ పెద్దమ్మాయి పుట్టిన రోజున కారిడార్లో పడిపోయి, తల పగలగొట్టుకుని, మీ ఆవిడ పక్కమంచం మీదే మూడు కుట్లు వేయించుకున్నారు. బాలింత లేచొచ్చి మీకు మంచినీళ్ళు పట్టింది."

చైర్మన్‌గారు కోపంతో పళ్ళు నూరబోయారు. నూరడానికి లేవు. "పోనీ పొయ్యి మీద ఉడికించవయ్యా," అన్నారు పళ్ళాయనతో.

"పొయ్యి మీద వేడి ఎగిరెగిరి పడుతుంది సార్. చిగుళ్ళ నిండా బుడగలొస్తాయి. ఎప్పుడో మైకు ముందు గట్టిగా నవ్వారనుకోండి, పుటుక్కున రెండు ముక్కలవుతాయి."

మైకు మాట వినేసరికి చైర్మన్‌గారి మొహం పాలిపోయింది. పక్క ఊళ్ళో డెంటిస్టు దగ్గరికి వెళ్తే నలుగురూ చూస్తారు. ఇంటికి వెళ్తే నౌకర్లు చూస్తారు. ఆఫీసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన రెండు కాయితాల మీద 'అత్యవసర క్యాంపు, శుక్రవారం తిరుగు ప్రయాణం' అని రాసి, ఇంటికొకటి ఆఫీసుకొకటి పంపించమని పళ్ళాయనకిచ్చారు. కార్ఖానా వెనక, ప్లాస్టర్ బస్తాలు పెట్టుకునే గదిలో మడతమంచం వేసుకుని క్యాంపు పెట్టారు.

సిస్టరమ్మకు ఊరికే కూర్చునే మగవాణ్ణి చూస్తే ఒళ్ళుమంట. అరగంట తిరక్కుండానే ఆయన చేతికి జల్లెడ ఇచ్చింది. పుట్టబోయే పిల్లలకు నూకలు కావాలి, సన్నవి వేరుగా ముతకవి వేరుగా. పన్నెండేళ్ళుగా ఫైళ్ళ మీద సంతకాలు తప్ప ఏమీ చేయని ఆ చేతులు మధ్యాహ్నందాకా నూకలు జల్లించాయి. భోజనానికి పాలలో నానబెట్టిన బ్రెడ్డు ఇచ్చింది.

"ఇంకేం లేదా?" అన్నారాయన.

"జంతికలున్నాయి. నమలగలరా?"

ఆయన నోరు మూసుకుని బ్రెడ్డు మింగారు.

గురువారం మధ్యాహ్నానికి పళ్ళాయన పని అంతా అయింది. మైనం మీద పళ్ళు పేర్చి, చైర్మన్‌గారి నోట్లో పెట్టి చూసి, మైనం కరిగించి, గులాబిముద్ద కూరి, ఇత్తడి డబ్బా బిగించి బల్ల మీద పెట్టాడు. ఇక తొట్టి ఖాళీ అవడమే తరువాయి. ఆ సమయంలోనే తొట్టిలోంచి టిక్కుమని చిన్న చప్పుడైంది. చైర్మన్‌గారు వంగి అద్దానికి ముక్కు ఆనించి చూశారు. ఒక గుడ్డు మీద ఆవగింజంత నెర్రె. ఆయన చూస్తుండగానే ఇంకోసారి టిక్కుమంది.

"సిస్టరమ్మా! వస్తోంది, వస్తోంది!"

"అరవకండి. ముక్కు ఇప్పుడే తగిలించింది. బయటికి రావడానికి రేపవుతుంది."

"రేపా? లోపల ఊపిరాడుతుందా?"

"ఇరవై రోజులుగా ఆడుతోందిగా."

ఆయన జల్లెడ పక్కన పడేసి తొట్టి ముందు స్టూలు వేసుకున్నారు. సిస్టరమ్మ పత్తి చుట్టుకుంటూ కూర్చుంది. మనసులో ఉన్నది అప్పుడు బయటపడింది.

"ఇంత చూస్తూ రేపెళ్ళి వీటిని ఊళ్ళోంచి వెళ్ళగొడతారన్నమాట."

"నాదేముందమ్మా? జనం అడిగారు. సంతకాలున్నాయి."

"ఏం జనం? మొహం చూపించడానికి ధైర్యం లేని తొమ్మిది మంది. ఒక్కడు వచ్చి, 'సిస్టరమ్మా, నీ కోళ్ళతో నాకిదీ ఇబ్బంది' అని నా మొహాన చెప్పాడా? చాటుగా సంతకం గీకి..."

"బయటివాళ్ళనెందుకు తిడతారు? మీ ఇంట్లోంచే ఉందిగా ఒక సంతకం," అనేశారు చైర్మన్‌గారు.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. చేతిలో మందుల కవరు. తొట్టిలో గుడ్డు టిక్కుమంది.

ఆమె ముందు కవరు చైర్మన్‌గారికి ఇచ్చింది. "మీ ఆవిడ కౌంటరు దగ్గరికొచ్చి ఇచ్చారు సార్. క్యాంపులో రాత్రి మాత్ర మర్చిపోవద్దన్నారు. కొత్త పళ్ళు ఈసారి కొంచెం చిన్నవి పెట్టించుకోమన్నారు, ముప్పై ఏళ్ళుగా చెబుదామనుకుంటున్నారట."

తర్వాత వదినగారి వైపు తిరిగింది.

"అవును వదినా. నేనే పెట్టాను."

"నువ్వా?" అంది సిస్టరమ్మ.

"ఉతికిన బట్టలు రోజూ రెండోసారి ఉతుకుతున్నాను. టీ కప్పులో ఈక. పరుపు మీద రెట్ట. పోయిన నెల నా ఆఫీసు సంచీలో మీ ట్రైనీ గుడ్డు పెట్టింది. కౌంటరు మీద సంచీ పెట్టాను, పగిలింది, డబ్బు కట్టడానికొచ్చినాయన పాసుబుక్కు మీదంతా కారింది. మీరు ఈ ఇంట్లో ఉండటం గురించి నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా? మీరుండాలి. కోళ్ళతో నేను వేగలేను."

"నాతో చెప్పకూడదూ?"

"నాలుగుసార్లు చెప్పాను. మీరు ప్రతిసారీ నా రక్తపోటు చూశారు."

సిస్టరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. అలా జరగడం తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అతను కంగారుపడి అక్కకు మంచినీళ్ళు తెచ్చాడు. మరదలు భోజనం చేసి పోస్టాఫీసుకు వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చాక కూడా వదినా మరదళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. చైర్మన్‌గారు బస్తాల గదిలో దాక్కుని, అనవసరంగా నోరు జారినందుకు తనను తాను తిట్టుకున్నారు. పళ్ళుంటే అడ్డం పడేవేమో.

శుక్రవారం తెల్లారేసరికి తొట్టిలో మూడు పిల్లలున్నాయి. తడిసిన పాత బ్రష్షుల్లా, ఒకదాని మీద ఒకటి పడి, మెడలు నిలబడక తూలుతున్నాయి. ఎనిమిదింటికల్లా ఏడయ్యాయి. మొదట పుట్టినవి ఆరిపోయి పసుపు ముద్దల్లా తయారయ్యాయి. చైర్మన్‌గారు స్టూలు మీదనుంచి లేవలేదు. ఎనిమిదో గుడ్డు దగ్గర వచ్చింది చిక్కు. అది అందరికంటే ముందు ముక్కు తగిలించిన గుడ్డే. కన్నం చేసింది, అక్కడే ఆగిపోయింది. కన్నంలోంచి ముక్కు కొన కనబడుతోంది, చిన్నగా మూలుగు వినబడుతోంది, కదలిక లేదు. మిగతా మూడు గుడ్ల మీద గీత కూడా లేదు.

"కొంచెం పెంకు ఊడదీస్తే?" అన్నారు చైర్మన్‌గారు.

"చెయ్యి పెట్టకండి. లోపల పొరలో ఇంకా రక్తం ఉంటుంది. లాగితే చస్తుంది. టైమివ్వాలి," అని చెప్పి సిస్టరమ్మ పెరట్లోకి వెళ్ళింది.

అక్కడ ఆవిడ పొద్దుటినుంచీ సుత్తీ మేకులూ పట్టుకుని ఒక్కతే కష్టపడుతోంది. గూడును బట్టల తీగ దగ్గర్నుంచి ఊడబెరికి, పెరటి చివర ప్రహరీ మూలకు ఈడ్చుకుపోయింది. చుట్టూ వల కడుతోంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. వంటింటి కిటికీలోంచి మరదలు చూసింది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టింది. ఎందుకని ఆమెనూ ఎవరూ అడగలేదు.

తొట్టి దగ్గర చైర్మన్‌గారు ఒక్కరే ఉన్నారు. మూలుగు సన్నబడింది. ఆయన అటూ ఇటూ చూశారు. ఏ ఫైలైనా ఆగిపోతే కాస్త ముందుకు తోసే అలవాటు ఆయనకు పన్నెండేళ్ళుగా ఉంది. అద్దం పక్కకు జరిపి, గుడ్డు చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటితో ఒక పెంకుముక్క ఊడదీశారు. బాగానే ఉంది. ఇంకో ముక్క ఊడదీశారు. కింద తెల్లటి పొర చిరిగి, ఎర్రటి బొట్టు ఉబికింది. ఆయన గుడ్లు తేలేశారు.

"అయ్యో అయ్యో అయ్యో" అనబోయారు, అది 'అహ్హహ్హహ్హో' అని వినబడింది. మరదలు పరుగున వచ్చింది. చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, "వదినా! రండి త్వరగా!" అని కేక వేసింది. ముందురోజు మధ్యాహ్నం తర్వాత అదే మొదటి మాట.

సిస్టరమ్మ సుత్తితో సహా వచ్చింది. ఆ సుత్తి చూసి చైర్మన్‌గారు గోడకు ఆనుకున్నారు.

"చెప్పానా లేదా? చెవులు కూడా గొట్టంలో పోయాయా? ఇక్కడ తొందరపడటానికి ఇదేమన్నా మీరు వేసే రోడ్డా, పైన నల్లరంగు పూసి రిబ్బను కత్తిరించడానికి? లేవండి, పక్కకి! ఆ దీపం ఇటు పట్టుకోండి. చెయ్యి వణికిందో, చూడండి!"

చైర్మన్‌గారు దీపం పట్టుకున్నారు. కానీ వణుకుతున్నది సిస్టరమ్మ చేతులు. పొద్దుటినుంచీ సుత్తి కొట్టిన చేతులు, అరవైరెండేళ్ళ చేతులు. పత్తి నీళ్ళలో ముంచి పొరకు తాకించబోతే పక్కకు పోయింది. ఇంకోసారీ అంతే. ఆవిడ తన చేతుల వంక ఎవరివో చూసినట్టు చూసుకుంది.

మరదలు ఆవిడ చేతిలోంచి పత్తి తీసుకుంది. పాతికేళ్ళు స్టాంపులు చించిన వేళ్ళు అవి. "చెప్పండి, ఏం చెయ్యను?"

"లాగకు. తడుపు. రక్తం ఉన్న వైపు అసలు ముట్టుకోకు."

"ఇక్కడా?"

"దానికి కొంచెం ఎగువన. ముక్కు మీద నీళ్ళు పడనీకు. ఆఁ, అలాగే. ఇప్పుడు ఆగు."

"ఎంతసేపు?"

"అది చెప్పేదాకా."

గుడ్డును తడిగుడ్డ మీద పెట్టి మళ్ళీ తొట్టిలో ఉంచారు. పావుగంటకోసారి తడిపారు. పది దాటింది. పళ్ళాయన ఇత్తడి డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, ఇప్పుడు పెడితేనే నాలుగింటికి అందుతాయి. లేకపోతే మెరుగు పెట్టే టైముండదు."

చైర్మన్‌గారు దీపం దించలేదు. "ఆగవయ్యా! పళ్ళెక్కడికి పోతాయి?"

పన్నెండుకు పది నిమిషాలుందనగా గుడ్డులో ఒక కుదుపు. మరదలి వేళ్ళ పక్కనే పెంకు రెండుగా విడిపోయి, పిల్ల ఒక కాలు ముందు పెట్టి, వెనక్కి పడి, ఇంకో కాలు లాక్కుని బయటికొచ్చింది. నల్లగా ఉంది. కుడికాలు పక్కకు పోతోంది. సిస్టరమ్మ రెండు కాళ్ళకూ కలిపి చిన్న అంటుకునే పట్టీ వేసింది, నాలుగు రోజులుంచితే సర్దుకుంటుందని.

"తల్లీ బిడ్డా క్షేమం," అంది అలవాటు కొద్దీ. తర్వాత మరదలి వైపు చూసింది. "గూడు మూలకు జరిపాను. ఇక ఒక్కటి కూడా గడప దాటదు. దాటితే నువ్వు ఏం చేసినా సరే."

"ముందు నా ఫోటో అద్దం ఇవ్వండి," అంది మరదలు.

పిల్లల్ని అట్టపెట్టెలోకి, బల్బు కిందికి మార్చారు. కదలని మూడు గుడ్లను సిస్టరమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టింది. తొట్టి ఖాళీ అయింది. పళ్ళాయన నీళ్ళు నింపి డబ్బా దించాడు. రెండున్నరకు తీశాడు. చల్లారేదాకా విసనకర్రతో విసిరాడు. మూడు ముప్పావుకు ప్లాస్టరు పగలగొట్టి, అంచులు ఆదరాబాదరాగా రాపి, చైర్మన్‌గారి నోట్లో పెట్టాడు.

"మెరుగు లేదు సార్. గరుకుగా ఉంటాయి. చిగుళ్ళకు గీసుకుంటాయి."

"గీసుకోనీ," అన్నారు చైర్మన్‌గారు, మూడు రోజుల తర్వాత 'స' పలుకుతూ. తువ్వాలు అక్కడే వదిలేసి, ఈసారి ముందు తలుపులోంచి వెళ్ళారు. భుజం మీద ఒక పసుపు నూగు అంటుకుని ఉంది.

ఆ రోజు కౌన్సిలు మీటింగు గురించి ఊరు చాలాకాలం చెప్పుకుంది. ఆయన ఉపన్యాసం ఎప్పుడూ గంటంబావుకు తగ్గదు. సభ్యులు దిండ్లు తెచ్చుకోవడం ఒక్కటే తక్కువ. ఆ రోజు ఆయన లేచి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఒక్కో మాటా ఆచితూచి మాట్లాడారు. కోళ్ళ సమస్య చాలా లోతైనదన్నారు. రెండు వైపులా బాధలున్నాయన్నారు. దీన్ని పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేస్తున్నామన్నారు. ఫిర్యాదుదారుల తరఫున పోస్టాఫీసు ఉద్యోగిని ఒకరు, పెంపకందారుల తరఫున రిటైర్డ్ హెడ్ నర్సు ఒకరు. ఇద్దరూ ఒక మాట మీదికొచ్చిన రోజున తీర్మానం చేద్దామన్నారు. కూర్చున్నారు. మొత్తం మూడు నిమిషాలు. సభ్యులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయనకు మనసు మారిందో, చిగుళ్ళు కోసుకుపోయాయో ఎవరూ తేల్చుకోలేకపోయారు. కన్నీళ్ళు మాత్రం నిజమైనవేనని ముందువరసలో కూర్చున్నవాళ్ళు చెప్పారు.

ఉపసంఘం ఆ రోజు సాయంత్రమే వంటింట్లో సమావేశమైంది. గూడు చుట్టూ వల ఇంకో మూరెడు పెంచాలని ఒక సభ్యురాలు, అక్కర్లేదని ఇంకొకరు. ఆర్నెల్లయింది, రోజూ సమావేశమవుతూనే ఉంది, ఒక మాట మీదికి ఇంకా రాలేదు.

చైర్మన్‌గారు కొత్త పళ్ళు ఒరుసుకుంటున్నాయని మొదటి వారంలో రెండుసార్లు వచ్చారు. పళ్ళాయన నొప్పి ఉన్నచోట రాపి ఇచ్చాడు. మూడో వారంలో వచ్చారు. రాపడానికి ఏమీ కనబడలేదు. పళ్ళాయన ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సెట్టు పక్కకు తీసుకెళ్ళి, రాపే మిషను ఒక నిమిషం ఉత్తగాలిలో తిప్పి మళ్ళీ ఇచ్చాడు.

"ఇప్పుడెలా ఉంది సార్?"

"చాలా హాయిగా ఉందయ్యా. వచ్చే వారం ఇంకోసారి చూద్దాం," అని లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని, పెరటి చివరకు నడిచి, వల దగ్గర గొంతుక్కూర్చున్నారు. జేబులోంచి నూకలు తీశారు. జల్లించినవే.